ఇద్దరు పిల్లలు, రెండే చేతులు: డాలస్ నుంచి హైదరాబాద్ ఫ్లైట్ రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, ఎందుకో తర్వాత చెప్తా. ఎయిర్‌లైన్‌కి 5కి 3. బాసినెట్‌కి, అంటే విమానంలో గోడకి తగిలించే పసిపిల్లల ఊయలకి, 4. బేబీ క్యారియర్‌కి 5. స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) గురించి కౌంటర్లో చెప్పిన మాటకి సున్నా, అంతకన్నా తక్కువ ఇవ్వడానికి లేదు కాబట్టి సున్నా. వరంగల్ పిన్నిగారి వీల్‌చెయిర్‌కి మాత్రం 5కి 5, అది ఏ ఎయిర్‌లైన్ రివ్యూలోనూ ఉండదు గానీ నా రివ్యూ నా ఇష్టం.

ఎయిర్‌లైన్ పేరు చెప్పట్లేదు, అడగొద్దు. డాలస్‌లో ఎక్కితే మధ్యలో ఎడారి దేశంలో ఒక్క స్టాప్, అక్కణ్ణించి హైదరాబాద్. మనవాళ్ళు సగం మంది అలాగే వెళ్తారు కదా.

పెద్దోడికి 2 ఏళ్ళ 8 నెలలు, చిన్నదానికి 8 నెలలు, పెద్దవాళ్ళలో నేనొక్కదాన్నే. ఖమ్మంలో మా తమ్ముడి పెళ్ళి. మా ఆయనకి సరిగ్గా అదే నెలలో ఆఫీసులో ఏదో గో-లైవ్ (కొత్త సిస్టమ్ వాడకంలోకి తెచ్చే పని) వచ్చి పడింది, "నువ్వు పిల్లల్ని తీసుకుని ముందెళ్ళు, నేను పెళ్ళికి నాలుగు రోజుల ముందు దిగుతా" అన్నారు. ఆయన ఒక్కరే వస్తారు, చేతిలో ఫోను, వీపు మీద ఒక బ్యాగు, మూడు సినిమాలు చూసుకుంటూ. సర్లే, అది వేరే రివ్యూ.

వెళ్ళే ముందు రాత్రుళ్ళు కూర్చుని బోలెడు రివ్యూలు చదివా. ఫుడ్ ఎలా ఉంది, లెగ్‌రూమ్ ఎంత, కొత్త సినిమాలు ఉన్నాయా, దుప్పటి మెత్తగా ఉందా, అన్నీ అవే. ఒళ్ళో ఒకరు, పక్కన ఒకరు ఉన్నప్పుడు లెగ్‌రూమ్‌తో నాకేం పని. ఎక్కాక నాకు అర్థమైంది ఏంటంటే చూడాల్సింది ఒక్కటే, ఈ వస్తువు గానీ ఈ మనిషి గానీ నా చెయ్యి ఒకటి ఖాళీ చేస్తుందా, లేకపోతే ఉన్న చేతుల్లోనే ఇంకో బరువు పెడుతుందా అని. కింద రాసిందంతా ఆ లెక్కలోనే చదువుకోండి.

టికెట్ సంగతి త్వరగా చెప్పేస్తా. రెండేళ్ళు నిండని పిల్లలకి ఒళ్ళో టికెట్ చాలు, కానీ ఇంటర్నేషనల్‌లో అది కూడా ఊరికే రాదు, మామూలుగా మన టికెట్ ధరలో 10 శాతం దాకా ఉంటుంది, పైన ట్యాక్సులు. ఒకరి ఒళ్ళో ఒక్కరే. రెండేళ్ళు నిండితే సొంత సీటు కొనాల్సిందే, ఇక్కడ చాలామంది దెబ్బ తినేది ఏంటంటే వెళ్ళేటప్పుడు 23 నెలలు ఉండి ఇండియాలో పుట్టినరోజు అయిపోతే రిటర్న్‌కి సీటు కొనాలి. నా పెద్దోడికి ఆ గొడవ లేదు, వాడికి ఎలాగూ సీటు ఉంది, ఆ సీట్లో వాడు కూర్చున్నాడా అన్నది వేరే విషయం.

బాసినెట్ ఆన్‌లైన్‌లో బుక్ చేసే ఆప్షన్ నాకు కనపడలేదు, ఫోన్ చేయాల్సి వచ్చింది. హోల్డ్‌లో ఆ మ్యూజిక్ విని విని పెద్దోడు దానికి డ్యాన్స్ కూడా నేర్చుకున్నాడు. మొదటిసారి ఫోన్ ఎత్తినావిడ "రిక్వెస్ట్ పెట్టాను, గ్యారంటీ లేదు" అంది, రెండోసారి చేస్తే అసలు రిక్వెస్టే లేదన్నారు, మూడోసారి కన్ఫర్మ్ అయింది. మూడుసార్లు చేయండి, మొహమాటపడకండి. బరువు ఎంతవరకు పడుతుందో కూడా అడగండి, మా దాంట్లో 11 కిలోలు అన్నారు, ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కో లెక్క. మా చిన్నది 8 కిలోల 400 గ్రాములు, ఈ విషయంలో మాత్రం దానికి బొద్దుతనం లేకపోవడం కలిసొచ్చింది, మా అత్తగారు వినకూడదు.

కాగితాల దగ్గర ఒక్క మాట. పిల్లలిద్దరికీ అమెరికా పాస్‌పోర్ట్ ప్లస్ ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు), రెండూ చేతికి అందేలా పెట్టుకోవాలి, చెక్-ఇన్ కౌంటర్లోనే ఓసీఐ అడిగారు. ఇంకోటి, నాన్న లేకుండా పిల్లల్ని దేశం దాటిస్తున్నాం కాబట్టి "నాకు సమ్మతమే" అని మా ఆయన చేత నోటరీ లెటర్ రాయించుకున్నా. ఎవ్వరూ అడగలేదు. అయినా మళ్ళీ తీసుకెళ్తా.

ఇక సలహాలు. మందు వేస్తే పడుకుంటారని చెప్పిన ఆంటీలు ముగ్గురు, అలర్జీ సిరప్ పేరుతో సహా చెప్పారు. పిల్లల డాక్టర్‌ని అడిగితే వద్దే వద్దన్నారు, నిద్ర కోసం ఆ మందు వేయకూడదట, పైగా కొంతమంది పిల్లలకి అది ఎదురు తిరిగి పడుకోవాల్సింది పోయి ఇంకా హుషారు వస్తుందట. పెద్దోడికి ఉన్న హుషారుకి ఇంకొంచెం కలిపితే పైలట్ పక్కన కూర్చుంటాడు.

అమ్మ ఫోన్ చేసి వర్జ్యం ఎప్పుడో చెప్పింది. అమ్మా, ఫ్లైట్ టైమ్ నేను పెట్టలేదే అంటే, "ఫ్లైట్ ఎప్పుడైతే ఏం, గడప దాటేది మంచి టైమ్‌లో దాటు" అంది. అలా గడప రెండు గంటలు ముందు దాటాం, ఎయిర్‌పోర్ట్‌లో మొత్తం అయిదు గంటలు పడి ఉన్నాం. పిల్లలతో ఉన్నప్పుడు త్వరగా వెళ్ళడం మంచిదే అంటారు, నేనైతే అనను, అయిదు గంటల్లో పెద్దోడు ఎనర్జీ అంతా ఖర్చుపెట్టి బోర్డింగ్ పిలిచే టైమ్‌కి సరిగ్గా నిద్రపోయాడు, నిద్రపోయిన పన్నెండున్నర కిలోల బిడ్డ అంటే ఏంటో తెలిసినవాళ్ళకి తెలుసు.

వాట్సాప్ గ్రూప్ సంగతి ఇక్కడే చెప్పాలి. డాలస్‌లో ఏ తెలుగు గ్రూప్ చూసినా వారానికి రెండు మెసేజ్‌లు ఉంటాయి, "ఫలానా తేదీ హైదరాబాద్ ఫ్లైట్‌లో ఎవరైనా వెళ్తున్నారా, మా అమ్మావాళ్ళకి తోడు కావాలి" అని. ఈసారి నేనే పెట్టా, నాకు తోడు కావాలి అని. డాలస్ పక్కనే ఉండే ఫ్రిస్కో నుంచి ఒకతను రిప్లై ఇచ్చాడు, మా అమ్మానాన్న అదే ఫ్లైట్ అక్కా అని. ప్రాణం లేచొచ్చింది. తీరా ఎయిర్‌పోర్ట్‌లో కలిస్తే వాళ్ళు "ఈ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు, మధ్యలో ఫ్లైట్ మారేటప్పుడు మనల్ని దగ్గరుండి తీసుకెళ్తుంది" అని ధీమాగా ఉన్నారు, నేనేమో వీళ్ళు పిల్లల్ని పట్టుకుంటారని ధీమాగా ఉన్నా. వరంగల్ వాళ్ళు. ఆరు నెలలు మనవరాలిని చూసుకుని వెనక్కి వెళ్తున్నారు. పిన్నిగారికి మోకాళ్ళు నొప్పులు, కొడుకు వీల్‌చెయిర్ బుక్ చేశాడు. బాబాయిగారు శుభ్రంగా నడుస్తారు కానీ "ఆమెని ఎటు తీస్కపోతరో ఏమో" అని తనూ ఆ వీల్‌చెయిర్ పిడి వదలరు.

సెక్యూరిటీ దగ్గర క్యారియర్ విలువ తెలిసింది. గుండెకి కట్టుకునే మామూలు క్యారియర్, బ్రాండ్ పెద్దదేం కాదు, స్నేహితురాలు వాడి ఇచ్చింది. చిన్నదాన్ని అందులో పెట్టుకునే మెటల్ డిటెక్టర్ దాటనిచ్చారు, తర్వాత చేతులకి చిన్న గుడ్డలాంటిది రుద్ది టెస్ట్ చేశారు అంతే. అదే స్ట్రోలర్ అయితే బిడ్డని తీసి, మడిచి, బెల్ట్ మీద పెట్టాలి, ఒక చేత్తో మడవగలిగే స్ట్రోలర్ కాకపోతే అక్కడ వెనకాల లైన్ అంతా మనల్నే చూస్తుంది. నాది కాదు. చూశారు. పాల పొడి కలపడానికి నీళ్ళు, పెరుగన్నం, ఫార్ములా, ఇవన్నీ చేతి సామానులో ద్రవాలకి ఉండే 100 మిల్లీలీటర్ల రూలు దాటినా అమెరికాలో పిల్లల కోసమైతే ఒప్పుకుంటారు, ముందే తీసి చూపించి చెప్పాలి. పెరుగన్నం డబ్బా తెరిపించి చూశారు పాపం, మూత తీయగానే తాలింపు వాసనకి నాకే ఆకలేసింది.

ఇప్పుడు అసలు సీటు. బాసినెట్ సీటు అంటే ముందు గోడ ఉండే మొదటి వరస. అందరూ అదేదో వరం అన్నట్టు మాట్లాడతారు. కొంతవరకు నిజం, ముందు ఎవరూ సీటు వెనక్కి వాల్చరు, పెద్దోడు తన్నడానికి ఎవరి వీపూ ఉండదు. కానీ దానికి కట్టే ధర ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తా. ముందు సీటే లేదు కాబట్టి బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకోవడానికి లేదు, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ అన్నీ పైన పెట్టాల్సిందే, అంటే సరిగ్గా పిల్లలు ఏడ్చే టైమ్‌కి పాలసీసా మీ తల మీద మూడడుగుల పైన ఉంటుంది. ట్రే, స్క్రీన్ రెండూ చేతులు పెట్టుకునే ఆర్మ్‌రెస్ట్ లోపల్నుంచి వస్తాయి, అందుకని ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, లేవదు కాబట్టి పెద్దోడు నా ఒళ్ళో తల పెట్టి కాళ్ళు చాపి పడుకోవడానికి కుదరదు. టేకాఫ్, ల్యాండింగ్ టైమ్‌లో ఆ స్క్రీన్ మడిచి లోపల పెట్టేయమంటారు, కార్టూన్ మధ్యలో. మా పెద్దోడి ఏడుపు కాక్‌పిట్‌లోకి వినపడే ఉంటుంది. టికెట్ బుక్ చేసేటప్పుడే ఆలోచించుకోండి, ఒళ్ళో బిడ్డ ఆరునెలల లోపైతే గోడ సీటే కరెక్ట్, ఏడాది దాటి బాసినెట్‌లో పట్టని బిడ్డ అయితే నేనైతే మామూలు వరసలో ఆర్మ్‌రెస్ట్ లేచే సీట్లు తీసుకుంటా. జాగ్రత్తగా ఫోన్‌లో పాటలు డౌన్‌లోడ్ చేసుకుని వెళ్ళాను కాబట్టి బతికా.

టేకాఫ్‌కి చిన్నదాన్ని క్యారియర్‌లో ఉంచనివ్వరు. మన సీట్ బెల్ట్‌కి ఇంకో చిన్న బెల్ట్ తగిలించి బిడ్డ నడుముకి పెట్టమని ఇస్తారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ఈ చిన్న బెల్ట్ ఇవ్వరు, అక్కడి రూల్ వేరు, ఊరికే ఒళ్ళో పట్టుకోవాలి. పెద్దోడికి కేర్స్ హార్నెస్ అని ఒకటి కొన్నా. సీటు వీపు చుట్టూ ఒక పట్టీ, భుజాల మీదుగా రెండు పట్టీలు, కింద విమానం బెల్టే. అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ అప్రూవల్ ఉంది, 10 నుంచి 20 కిలోల మధ్య పిల్లలకి, బరువు అరకిలో కూడా ఉండదు. కార్ సీటు మోసుకెళ్ళడం కంటే వెయ్యి రెట్లు నయం. వాడు మొదట్లో "సూపర్‌మ్యాన్ బెల్ట్" అన్నాడు, అరగంట తర్వాత "తీసేయ్" అన్నాడు, కానీ కుదుపులప్పుడు వాడు సీట్లోంచి జారి కింద పడకుండా ఉన్నాడంటే దాని వల్లే, నా రెండు చేతులూ అప్పుడు చిన్నదాని మీదే ఉన్నాయి. 5కి 4న్నర. అర ఎందుకు తగ్గించానంటే అది తగిలించేటప్పుడు వెనక సీటాయన ట్రే కిందనుంచి పట్టీ దూర్చాలి, ఆయనకి సారీ చెప్పడం నా పని.

బాసినెట్ గోడకి తగిలించారు. చిన్నది పడుకుంది. నాకు రెండు చేతులూ తిరిగొచ్చాయి. జీవితంలో నా చేతులు నేను అంత ప్రేమగా చూసుకోలేదు. ముప్పావు గంట. తర్వాత సీట్ బెల్ట్ గుర్తు వెలిగింది, కుదుపులొస్తున్నాయి, బిడ్డని తీసి ఒళ్ళోకి తీసుకోండి అన్నారు. తీస్తే లేస్తుంది కదండీ అంటే, రూలండీ. రూల్ మంచిదే, నాకు తెలుసు, ఊయల్లో బెల్ట్ సరిపోదు. పద్నాలుగు గంటల పైన సాగిన ఆ ఫ్లైట్‌లో అలా ఆరుసార్లు తీశా. నాలుగుసార్లు లేచింది, రెండుసార్లు లేవలేదు, ఆ రెండుసార్లకి కలిపి 4 స్టార్లు.

క్రూ గురించి. బిడ్డని కాసేపు ఎత్తుకోమని వాళ్ళని అడగలేం, వాళ్ళ పని అది కాదు, అది నేను ఒప్పుకుంటా. కానీ వాళ్ళల్లో ఒకమ్మాయి అడక్కుండానే ఒక పని చేసింది. భోజనం వచ్చినప్పుడు చిన్నది ఒళ్ళో ఉంది, ట్రే తెరిచే దారి లేదు, ఆ అమ్మాయి చూసి "మీది ఉంచుతా, బేబీ పడుకున్నాక చెప్పండి" అని గంటన్నర తర్వాత వేడి చేసి మరీ తెచ్చింది. ఇంకొకతను మాత్రం పాలసీసాకి వేడినీళ్ళు అడిగితే సలసల మరిగే నీళ్ళు కప్పు నిండా పోసి, మూత లేకుండా, బిడ్డ ఒళ్ళో ఉండగా నా చేతికి అందించాడు. వద్దు, అక్కడ పెట్టండి అని గట్టిగా అరిచినంత పని చేశా. సీసాయే వాళ్ళకిచ్చి సగం చల్లవి సగం వేడివి పోసి తెమ్మనండి. 3 స్టార్లలో ఆ అమ్మాయివే రెండు.

పిల్లల మీల్ 24 గంటల ముందే చెప్పి పెట్టుకోవాలి, అందరికన్నా ముందు వస్తుంది, అది బావుంది. నగ్గెట్స్, కేక్, చాక్లెట్, జ్యూస్. రాత్రి పదింటికి రెండున్నరేళ్ళవాడికి కేకూ చాక్లెట్టూ ఇచ్చే ఆలోచన ఎవరిదో గానీ వాళ్ళకి పిల్లల్లేరు. నేను అవి దాచేసి పెరుగన్నం పెట్టా. తర్వాత అటుకుల చుడువా, చేగోడీలు. చేగోడీలు వేళ్ళకి ఉంగరాల్లా పెట్టుకుని ఒక్కోటి కొరుక్కుంటూ ఇరవై నిమిషాలు కూర్చున్నాడు, నేను కొన్న బొమ్మల పుస్తకం, స్టిక్కర్లు, మైనం ముద్ద, ఏదీ పది నిమిషాలు కూడా నిలవలేదు. చిన్నదానికి రాగి జావ పొడి పట్టుకెళ్ళా, వేడినీళ్ళలో కలిపేయడమే.

బాత్రూమ్. ఇది ఏ రివ్యూలోనూ సరిగ్గా రాయరు. టాయిలెట్ పైన గోడకి మడిచిన బల్ల ఉంటుంది, దించి బిడ్డని పడుకోబెట్టి డైపర్ మార్చాలి. మంచిదే. మరి పెద్దోడో? వాణ్ణి సీట్లో ఒంటరిగా వదలలేం, లోపలికి తీసుకొస్తే ముగ్గురం నిలబడే చోటు లేదు. మొదటిసారి తీసుకెళ్ళా. బల్ల దించితే అది వాడి తల మీదకొచ్చింది, వాణ్ణి తలుపుకి ఆనించి నిలబెడితే వాడి చెయ్యి ఫ్లష్ బటన్ మీద పడింది, ఆ శబ్దానికి చిన్నది గుక్కపట్టింది, అది ఏడుస్తుంటే వీడికి సరదా పుట్టి మళ్ళీ నొక్కాడు. బయటికొచ్చేసరికి లైన్లో అయిదుగురు. మరి నాకు వెళ్ళాల్సి వస్తే? ఎనిమిది గంటలు నీళ్ళు తాగలేదు నేను, అది తెలివి కాదు, తలనొప్పి పట్టుకుంది.

అప్పుడు పిన్నిగారు వచ్చారు. పన్నెండు వరసల వెనక నుంచి, మోకాళ్ళ నొప్పులతో, సీట్లు పట్టుకుంటూ. "ఏందమ్మా, పిలిస్తే రానా? ఇగో ఇటియ్యి" అని చిన్నదాన్ని తీసుకుని పెద్దోడి పక్కన నా సీట్లో కూర్చున్నారు. నేను వెళ్ళి మొహం కడుక్కుని అద్దంలో నన్ను నేను చూసుకుని రెండు నిమిషాలు ఊరికే నిలబడ్డా. తిరిగొచ్చేసరికి పెద్దోడు ఆవిడ గాజులు లెక్కపెడుతున్నాడు, చిన్నది ఆవిడ భుజం మీద నిద్ర. ఏమీ చేయలేదు ఆవిడ, ఊరికే వీపు నిమురుతూ ఏదో గొణుగుతున్నారు. ఆ తర్వాత రెండు గంటలకోసారి ఆవిడే వచ్చారు. బాబాయిగారు ఒకసారి వచ్చి పెద్దోణ్ణి ఫ్లైట్ చివరిదాకా నడిపించి తీసుకొచ్చారు, వాడు దారిలో అందరికీ హాయ్ చెప్పాడట.

దిగేటప్పుడు చెవుల నొప్పి. విమానం కిందికి దిగడం ల్యాండింగ్‌కి అరగంట ముందే మొదలవుతుంది, చక్రాలు నేల తాకే దాకా చూస్తూ కూర్చోకుండా అప్పుడే పాలు పట్టడం మొదలుపెట్టాలి, మింగుతూ ఉంటే చెవులు పట్టేయకుండా ఉంటాయి. చిన్నదానికి అది బ్రహ్మాండంగా పనిచేసింది. పెద్దోడికి స్ట్రా కప్పులో జ్యూస్ ఇచ్చా, తాగాడు, తాగి మొత్తం నా మీద కక్కాడు. పిల్లలకి ఇద్దరికీ మూడేసి జతలు పెట్టుకున్నా, నాకు ఒక్క చొక్కా కూడా పెట్టుకోలేదు. మీరు పెట్టుకోండి. నేను ఆ కుర్తీతోనే హైదరాబాద్ దాకా వచ్చా, పక్కనున్నవాళ్ళని క్షమించమని అడుగుతున్నా.

ఇప్పుడు సున్నా కథ. డాలస్‌లో చెక్-ఇన్ కౌంటర్‌లో స్ట్రోలర్‌కి ట్యాగ్ వేస్తూ "విమానం ఎక్కేచోట ఇచ్చేయండి, ట్రాన్సిట్‌లో దిగగానే డోర్ దగ్గరే ఇస్తారు" అన్నారు, నేను రెండుసార్లు అడిగి మరీ నిర్ధారించుకున్నా. పిల్లలతో వస్తున్నా కాబట్టి తర్వాతి గేట్ దాకా సాయానికి మనిషి కూడా వస్తారు అన్నారు. దిగా. స్ట్రోలర్ లేదు. అడిగితే అది నేరుగా హైదరాబాద్ వెళ్తుంది మేడం అన్నారు. సాయం మనిషి? సిస్టమ్‌లో లేదు మేడం. గుండె మీద ఒకరు, చేతికి వేలాడుతూ ఇంకొకరు, వీపు మీద డైపర్ బ్యాగు, ఇంకో చేతిలో ట్రాలీ, కుర్తీ మీద జ్యూస్, తర్వాతి గేటు ఎక్కడో ఆ చివర. పెద్దోడు నేల మీద పడుకున్నాడు. నిజంగానే పడుకున్నాడు, ఆ నున్నటి పాలరాతి మీద వెల్లకిలా. నాకు అక్కడే వాడి పక్కనే పడుకోవాలనిపించింది.

సరిగ్గా అప్పుడు వెనకనుంచి పిన్నిగారి వీల్‌చెయిర్. తోసే కుర్రాడు మన తెలుగువాడే, నా వైపు చూసి "ఏడికెల్లి వస్తున్నరు అక్కా?" అన్నాడు. జగిత్యాల దగ్గర పల్లె అట. ఆ దేశంలో మన కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు ఎంతమంది ఉంటారో తెలిసిందే కదా, అయినా ఆ టైమ్‌లో ఆ మాట వింటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వీళ్ళు మీవాళ్ళేనా పెద్దమ్మా?" అని పిన్నిగారిని అడిగాడు, ఆవిడ క్షణం కూడా ఆలోచించకుండా "మా బిడ్డె" అన్నారు. అంతే, పెద్దోణ్ణి నేల మీంచి లేపి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టాడు, డైపర్ బ్యాగు వీల్‌చెయిర్ వెనక తగిలించాడు, ట్రాలీ బాబాయిగారు లాక్కున్నారు, నాకు మిగిలింది చిన్నది ఒక్కతే. పెద్దోడు రథం ఎక్కినట్టు కూర్చుని రెండు చేతులూ ఊపుతున్నాడు. వీల్‌చెయిర్ వాళ్ళకి ట్రాన్సిట్ సెక్యూరిటీ దగ్గర వేరే దారి, మమ్మల్నీ అందులోంచే పంపించారు. దారిలో ఆ తమ్ముడు తన బిడ్డ గురించి చెప్పాడు, మా పెద్దోడి ఈడుదే అట, ఫోన్లోనే చూస్తుంటాడట. గేట్ దగ్గర డబ్బులివ్వబోతే బాబాయిగారు నా చెయ్యి పట్టుకుని ఆపి తను ఇచ్చారు.

ఆ ఇంగ్లీషు, దారి చూపించడం, నా ధీమా, వాళ్ళ ధీమా, అన్నీ ఎటుపోయాయో. నేను వాళ్ళకి చేసిందల్లా గేట్ నంబర్ చదివి చెప్పడం.

రెండో ఫ్లైట్ నాలుగు గంటలు. ముగ్గురం నిద్రపోయాం. ఫుడ్ ఎలా ఉందో తెలీదు.

శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఒకాయన లైన్లో నన్ను చూసి పక్కనుంచి ముందుకి రమ్మన్నారు, పెద్దోణ్ణి "ఏం పేరు నాన్నా" అంటే వాడు "సూపర్‌మ్యాన్" అన్నాడు, పాస్‌పోర్ట్‌లో అలా లేదే అన్నారాయన. నవ్వడానికి నాకు ఓపిక లేదు కానీ ఆయనకి థాంక్స్. బెల్ట్ మీద స్ట్రోలర్ వచ్చింది, ఒక చక్రం లేకుండా. ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఇంటికెళ్ళి చూసుకుందాంలే అని బయటికి రాకండి, లోపలే ఎయిర్‌లైన్ డెస్క్ దగ్గర కంప్లయింట్ రాయించి కాగితం తీసుకోండి. లగేజీ దెబ్బతింటే ఇంటర్నేషనల్ రూల్ ప్రకారం 7 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి, దాటితే మన మాట వినరు. నేను రాయించా. అప్పట్నుంచి "మీ క్లెయిమ్ పరిశీలనలో ఉంది" అని ఈమెయిల్స్ వస్తున్నాయి. మా నాన్న ఆగలేక ఖమ్మంలో సైకిల్ షాపులో చిన్న చక్రం వేయించారు, ఒక పక్కకి లాగుతుంది కానీ నడుస్తుంది.

ఇంట్లోకి అడుగుపెట్టకుండానే అమ్మ గుమ్మంలో ఎర్రనీళ్ళు తిప్పి దిష్టి తీసింది, నా కుర్తీ చూసి అదేం మరకే అంది. చలికాలంలో డాలస్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా, అంటే పగలు అచ్చంగా రాత్రి. వారం రోజులు పిల్లలిద్దరూ రాత్రి రెండింటికి లేచి మా నాన్నతో పెరట్లో ఆడుకున్నారు. నేను లేవలేదు. ఆ వారం నా చేతులు నావే.

రిటర్న్ జనవరి 18 రాత్రి. మా ఆయన పెళ్ళి అవ్వగానే వెళ్ళిపోయారు, మళ్ళీ నేనొక్కదాన్నే. అదే ఎయిర్‌లైన్, మార్చుకోవాలంటే ఫేర్ తేడా చూసి మానేశా. బాసినెట్ కోసం రెండుసార్లు ఫోన్ చేశా, మూడోది మిగిలింది. స్ట్రోలర్ ఇక్కడే వదిలేస్తున్నా. చిన్నది నిన్నట్నుంచి మంచం పట్టుకుని నిలబడుతోంది. ఆ రోజు హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్ళే అమ్మానాన్నలు ఎవరైనా ఉంటే చెప్పండి, గేట్ నంబర్లు నేను చదివిపెడతా, వీల్‌చెయిర్ బుక్ చేసుకున్నవాళ్ళయితే మరీ మంచిది.